జైలు కథ రాసే ఆర్మూర్ పిల్లలకు తలకిందుల సలహాలు

ఆర్మూర్, పెర్కిట్, మామిడిపల్లి, అంకాపూర్ పిల్లలు ఇప్పుడు ఫోన్లతోనే షార్ట్ ఫిల్ములు తీస్తున్నారు. వెబ్ సిరీస్ కథలు రాసుకుని హైదరాబాద్ బస్సెక్కుతున్నారు. కల్లంలో ఆరబోసిన పసుపుకు కావలి పడుకుని స్క్రిప్టు రాసేవాళ్లూ ఉన్నారు. ఆ స్క్రిప్టుల్లో తరచూ ఒక జైలు ఉంటుంది. హీరో అన్యాయంగా లోపలికి పోతాడు, నలుగురిని కొడతాడు, బయటికొస్తాడు. ఈ సలహాలు ఆ పిల్లల కోసం. సీరియళ్లు అమ్మిన అనుభవం ఉన్నవాళ్లు వీటిని చూస్తే తప్పుడు సలహాలంటారు. కథ నత్తనడక నడుస్తుంది, గొడవలవుతాయి, కులం ఊసెందుకు అంటారు. నేను మాత్రం ప్రతి మాటకూ నిలబడతాను.

మన తెర మీద జైలు కులం లేని చోటు. బయట కులంతో, మతంతో, యాసతో బతికిన మనిషి గేటు దాటగానే ఉత్త ఖైదీ అయిపోతాడు. ఉడకబెట్టిన పసుపు కొమ్ములను పాలిష్ డ్రమ్ములో తిప్పితే పొట్టు రాలి అన్నీ ఒకే రంగుకు వస్తాయి. మన సీరియళ్లు ఖైదీలను అలా తిప్పుతున్నాయి. నిజం జైల్లో మొదట అడిగేది ఆ పొట్టు సంగతే.

గేటు దగ్గర కాదు, రిజిస్టర్ దగ్గర మొదలుపెట్టండి.

డ్రోన్‌లో ఎత్తయిన గోడ, చువ్వల వెనక ముఖం, వెనక డప్పు మోత. ఇలా మొదలుపెడితే డబ్బు పెట్టేవాడికి నచ్చుతుంది. మీరు ఒక బల్ల, ఒక లావుపాటి పుస్తకం, ఒక గుమాస్తాతో మొదలుపెట్టండి. కోర్టు వారెంటు చూస్తారు. పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు, ఒంటి మీద పుట్టుమచ్చలు రాసుకుంటారు. ఆ పుస్తకంలో కులానికీ ఒక గడి ఉండేది. 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేయమంది. జైళ్లలో కులాన్ని బట్టి పని పంచుతున్నారని, గదులు కేటాయిస్తున్నారని సుకన్య శాంత అనే పాత్రికేయురాలు 2020లో 'ద వైర్'లో రాశారు. తర్వాత ఆమే కోర్టుకు వెళ్లారు. చీఫ్ జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మనోజ్ మిశ్రా ధర్మాసనం ఆ జైలు నియమాలు రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. అంటరానితనాన్ని నిషేధించే 17వ అధికరణాన్నీ, వెట్టిని నిషేధించే 23వ అధికరణాన్నీ ఎత్తి చూపింది. మూడు నెలల్లో నియమావళులు సవరించుకోవాలని రాష్ట్రాలకు గడువు పెట్టింది.

గడి పోయింది కదా, ఇక కథలో కులం ఎందుకు అంటారు. గడి లేని చోట ప్రశ్న ఏ దారిన వస్తుందో పట్టుకోవడమే రాసేవాడి పని. "ఏ ఊరు?" "ఊళ్లె యాడ?" "ఇంటిపేరేంది?" "మీ నాయిన ఏం జేస్తడు?" మన దిక్కు రెండో ప్రశ్నకే పని అయిపోతుంది, వాడ పేరు చెప్తే చాలు. ఆ సంభాషణకు మూడు నిమిషాలు కేటాయించండి. ఎడిటర్ కోసేద్దామంటాడు, ఒప్పుకోకండి.

ఇది నడవదనేవాళ్లకు 2021లో వచ్చిన 'జై భీమ్' చూపించండి. దర్శకుడు జ్ఞానవేల్ ఆ కథను జైలు గేటు దగ్గరే మొదలుపెట్టాడు, కానీ మనుషులు బయటికొచ్చే వేళ. విడుదలై వస్తున్నవాళ్లను ఒక్కొక్కరినీ ఏ కులమని అడుగుతారు. కొందరిని ఇంటికి పొమ్మంటారు. కొందరిని పక్కన నిలబెట్టి, తేలని పాత కేసులు అంటగట్టడానికి పోలీసులకు అప్పజెప్తారు. అక్కడ ఫైటింగ్ లేదు, అరుపుల్లేవు. తెలుగు మాటలతో కూడా ఆ సినిమా వచ్చింది, మన ఇళ్లలో జనం కదలకుండా కూర్చుని చూశారు. కులం అడిగే సీనుకు జనం లేచిపోతారనే మాటకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

అసలు మన జిల్లావాళ్లకు ఈ భయం ఉండకూడదు. చిందు బాగోతం మన నేల మీద ఆట. చిందువాళ్లు మాదిగ వాడల్లో జాంబ పురాణం ఆడేటప్పుడు కులం పుట్టుకను నడిబజారులో గొంతెత్తి చెప్తారు. నిజామాబాద్ జిల్లా చిందుల ఎల్లమ్మ మగవేషాలు కట్టి రాత్రంతా ఆడిన ఆట అదే. తెల్లారేదాకా జనం కూర్చునే ఆటలో కులం పేరు దాచలేదు. ఇరవై నిమిషాల వెబ్ ఎపిసోడ్‌లో ఎందుకు దాస్తారు?

అందరికీ తెల్ల బట్టలు తొడగకండి.

తెల్ల నిక్కరు, తెల్ల టోపీ, ఛాతీ మీద నంబరు. 1983 'ఖైదీ' నుంచి 2017 'ఖైదీ నంబర్ 150' దాకా పోస్టర్లకూ పేర్లకూ ఖైదీ అనే మాట ఎంత పనికొచ్చిందో చూడండి. కానీ యూనిఫాం శిక్ష పడ్డవాళ్లకు. విచారణ ఖైదీలు సొంత బట్టలతో ఉంటారు. 2022 జాతీయ జైలు గణాంకాల ప్రకారం దేశంలో జైళ్లలో ఉన్నది 5 లక్షల 73 వేల మంది, వాళ్లలో 4 లక్షల 34 వేల మంది విచారణ ఖైదీలే. నలుగురిలో ముగ్గురు ఇంకా నేరం రుజువు కానివాళ్లు, ఇంటి బట్టల్లో ఉన్నవాళ్లు. వాళ్లను తెల్ల బట్టల్లో చూపిస్తే, కోర్టు చెప్పకముందే వాళ్లు దోషులని చూసేవాడి కంటికి నేర్పినట్టే. అల్లరి నరేష్ 'నాంది' 2021లో వచ్చినప్పుడు ఆ కథ నిలబడ్డది విచారణ ఖైదీ మీదే. ఏళ్లు లోపలే గడిచిపోవడం, ఏ తీర్పూ రాకపోవడం. అది రాయండి.

సొంత బట్టలు గుర్తింపును కప్పవు. మాసిన లుంగీ, మోకాలి దగ్గర కుట్లు వేసిన ప్యాంటు, ములాఖత్‌కు వచ్చిన అన్న తెచ్చిన కొత్త చొక్కా, నమాజుకు మడిచి పెట్టుకున్న తువ్వాలు. వేషాలు చూసేవాళ్లతో ముందురోజే కూర్చుని, ఏ పాత్రకు ఏ ఇంటి నుంచి ఏం వస్తుందో రాసుకోండి. ఎవరికి ఏమీ రాదో అది కూడా రాసుకోండి.

786 నంబరు గురించి ఒక్క మాట. 'దీవార్'లో అమితాబ్ చేతి బిళ్ల మీద, 1988లో మన 'ఖైదీ నంబర్ 786' పేరులో ఆ అంకె మెరిసింది. ముస్లింలు పవిత్రంగా చూసుకునే అంకె అది. అంకెను తెచ్చుకున్న మన కథల్లో ముస్లిం ఖైదీ ఎక్కడ? ప్రాణమిచ్చే స్నేహితుడు లేదా బాంబులవాడు, ఈ రెండు వేషాలే మిగిలాయి. బెయిలుకు జామీనుదారు దొరక్క కూర్చున్న మెకానిక్‌ను, రంజాన్ నెలలో సహర్ వేళకు లేచే పక్క బ్యారక్ మనిషిని రాయండి. ఇలాంటి సీను దండగ అంటారు, అయినా పెట్టండి.

అమెరికా యార్డును అరువు తెచ్చుకోకండి.

ఓటీటీలు వచ్చాక మన పిల్లలు 'ఓజ్' చూశారు, 'ఆరెంజ్ ఈజ్ ద న్యూ బ్లాక్' చూశారు. భోజనశాలలో నల్లవాళ్లు ఒక బల్ల, తెల్లవాళ్లు ఒక బల్ల, స్పానిష్ మాట్లాడేవాళ్లు ఇంకో బల్ల. వెంటనే మన కథలోనూ మూడు గ్యాంగులు దిగుతాయి, ముగ్గురు గడ్డపు నాయకులు దిగుతారు. ఆ బల్లల వెనక అక్కడి చరిత్ర ఉంది. ఖైదీలు తమంతట తామే విడిపోయారనుకోవద్దు. కాలిఫోర్నియాలో కొత్తగా వచ్చినవాళ్లను, బదిలీ అయినవాళ్లను జాతిని బట్టి గదుల్లో జతచేసేవారు, 60 రోజుల దాకా. ఆ పద్ధతి 2005లో జాన్సన్ కేసుగా అమెరికా సుప్రీంకోర్టుకు ఎక్కింది. జాతిని బట్టి విడదీయడాన్ని అత్యంత కఠినంగా పరీక్షించాల్సిందేనని కోర్టు చెప్పింది. తెర మీద గ్యాంగుల కొట్లాట కనిపిస్తుంది, గదులు కేటాయించే ఆఫీసు కనిపించదు.

మనకూ అలాంటి ఆఫీసు ఉంది. తమిళనాడులో పాళయంకోట్టై జైల్లో తేవర్లు, నాడార్లు, పళ్లర్లు వేరువేరు బ్లాకుల్లో ఉండేవాళ్లు. కొట్లాటలు రాకుండా అలా పెట్టామన్నారు. మద్రాసు హైకోర్టు ఒకప్పుడు ఆ వాదన ఒప్పుకుంది. 2024 తీర్పులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, క్రమశిక్షణ పేరుతో కులాల్ని విడదీయడం కుదరదంది. 2025 జనవరిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'బ్లాక్ వారెంట్' తీహార్ జైలు ముఠాలను చూపించింది. అందులో నాకు నచ్చింది ముఠాల రంగు కాదు. కొత్తగా చేరిన జైలరు ఏ ముఠాతో ఏ అధికారికి లావాదేవీ ఉందో మెల్లగా తెలుసుకోవడం నచ్చింది. జైల్లో పనిచేసిన సునీల్ గుప్తా చెప్పిన సంగతుల పుస్తకం ఆ కథకు ఆధారం కాబట్టి ఆ పట్టు దొరికింది.

కాబట్టి బల్లలు విడదీయకండి, విడదీసే మనిషిని రాయండి. ఇరవై మంది పేర్ల జాబితా ముందు పెట్టుకుని ఎవరిని ఏ బ్యారక్‌కు పంపాలో తేల్చుకుంటున్న జమాదారు. అతను దుర్మార్గుడు కానక్కర్లేదు. రాత్రి గొడవ లేకుండా గడవాలన్నదే అతని ఆరాటం. అతని కలం ఎక్కడ ఆగుతుందో చూపిస్తే చాలు.

వంటింట్లోకి పొండి.

మన సినిమాల్లో జైలు వంటగది కామెడీకి. పురుగుల అన్నం, నీళ్ల పప్పు, కమెడియన్ ముఖం. అసలు నాటకం అక్కడ అన్నం ఎవరు వండుతారన్న దగ్గర ఉంది. రాజస్థాన్ పాత నియమాల్లో వంటకు బ్రాహ్మణులో, తగినంత పై కులం హిందువులో అర్హులని రాసి ఉండేది. పశ్చిమ బెంగాల్ నియమాల్లో ఊడ్చే పనికి ఫలానా కులాలవాళ్లను తీసుకోవాలని కులాల పేర్లతో సహా ఉండేది. ఉత్తరప్రదేశ్‌లో సాధారణ శిక్ష పడ్డవాడికి హీనమైన పని చెప్పకూడదట, ఆ పని అలవాటున్న కులమైతే చెప్పొచ్చట. స్వతంత్రం వచ్చి ఏడు దశాబ్దాలు దాటాక కూడా ఇవి పుస్తకాల్లో ఉండేవి. ఈ నియమాలు చదివిన రోజు నాకు కడుపు రగిలింది. ఇప్పటికీ రగులుతోంది.

మీ హీరోకు చీపురివ్వండి. కొట్లాటలో గెలిచే హీరోలు మనకు చాలామంది ఉన్నారు. మరుగుదొడ్డి కడగమన్నప్పుడు "నేనెందుకు?" అని అడిగి ఊరుకునే హీరో లేడు. అంతకంటే కష్టమైన సీను ఇంకొకటుంది. హీరోది పై కులమైతే అతనికి ఆ పని చెప్పరు, పక్కవాడికి చెప్తారు. హీరో ఆ సంగతి గమనించనే గమనించడు. ఆ గమనించకపోవడాన్ని రాయండి. హీరో మీద జనానికి ప్రేమ తగ్గుతుందని నిర్మాత బెంగపడతాడు. తగ్గనివ్వండి.

దొంగలకు పుట్టుక రాయకండి.

బ్రిటిష్‌వాళ్లు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు, 1911 తర్వాత అది మద్రాసు రాష్ట్రంలోకీ వచ్చింది. 1913లో బాపట్ల దగ్గర ఎరుకల కుటుంబాలను ఒకచోట చేర్చి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికిచ్చారు. అదే స్టువర్టుపురం. దేశమంతటా ఆ చట్టం 1952లో పోయింది, ఆ ముద్ర సినిమా పేర్ల నుంచి మాత్రం పోలేదు. 1991 ఒక్క ఏడాదే ఆ ఊరి పేరుతో రెండు సినిమాలొచ్చాయి. 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' టీజర్ మీద ఎరుకల వాళ్ల తరఫున ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. ఆ ఊరి పిల్లలు కాలేజీలో ఊరి పేరు చెప్పడానికి ఎందుకు తటపటాయిస్తారో ఈ వరస చూస్తే తెలుస్తుంది. ఆ చట్టం నుంచి బయటపడ్డ విముక్త తెగలవాళ్లను పుట్టుకను బట్టి అలవాటైన నేరస్థులుగా చూడటం కుదరదని 2024 తీర్పు కూడా చెప్పింది. మీ కథలో దొంగ ఉంటే ఉండనీయండి. వాడికో తాతల నాటి దొంగతనం, రక్తంలో ఉన్న కత్తి పెట్టకండి.

యాస సంగతి దీనికి తోబుట్టువే. తెర మీద జైల్లో జేబుదొంగ మన తెలంగాణ మాట మాట్లాడతాడు, జైలు సూపరింటెండెంటు పుస్తకాల తెలుగు మాట్లాడతాడు. ఆర్మూర్ పిల్లలు కూడా అలాగే రాసుకొస్తున్నారు. "ఏంరా, ఏడికెళ్లి అచ్చినవ్" అనే మాటను మంచి జైలరు నోట పెట్టండి. మీ అమ్మ మాట అది. ఇంకో వైపు నుంచి చూడాలంటే వెట్రిమారన్ 'విసారణై' చూడండి. గుంటూరులో పనికొచ్చిన తమిళ కూలీలను మన పోలీసులు చేయని నేరం ఒప్పుకోమని కొట్టే కథ. 1983లో గుంటూరు లాకప్‌లో తన్నులు తిన్న చంద్రకుమార్ రాసుకున్న పుస్తకం నుంచి వచ్చింది. అందులో భాష రాని పరాయివాడు తమిళుడు, దెబ్బ తెలుగువాడిది. తెలుగువాళ్లం అది చూసి నొచ్చుకోవడం కాదు, నేర్చుకోవాలి.

దాశరథిని కాసేపు పక్కన కూర్చోబెట్టండి.

ఈ మాటకు నా మీద కోపం రావచ్చు. నిజామాబాద్ ఖిల్లా జైలంటే మనకు దాశరథి కృష్ణమాచార్యే. నిజాం జైల్లో బొగ్గుతో గోడ మీద పద్యాలు రాశాడు, అధికారులు చెరిపిస్తుంటే మళ్లీ రాశాడు. ఆ గోడంటే నాకూ ప్రాణమే. కానీ జైలు కథ రాయాలనుకునే ప్రతివాడూ ఆ గోడ దగ్గరికే పోతున్నాడు. అదే జైల్లో ఆయన పక్కన వట్టికోట ఆళ్వారుస్వామి ఉన్నాడు. చిన్నప్పుడు ఇళ్లల్లో వంటపని చేసి చదువుకున్నవాడు, ఊరూరా పుస్తకాలు మోసి అమ్మినవాడు, దేశోద్ధారక గ్రంథమాల నడిపినవాడు. ఆయన జైల్లో రాజకీయ ఖైదీలను వదిలి మామూలు ఖైదీల వైపు చూశాడు. దొంగతనానికో హత్యకో వచ్చినవాళ్లు బయట ఏ స్థితిలో బతికి ఇక్కడికి చేరారో 'జైలు లోపల' కథల్లో రాశాడు. దాశరథి తన 'అగ్నిధార'ను ఆళ్వారుస్వామికే అంకితమిచ్చాడు. కవికి తెలుసు పక్కనున్నది ఎవరో.

ఆ గోడ మీది పద్యాన్ని తెల్లారి చెరిపింది ఎవరో రాయండి. అధికారి చెరపమన్నాడు సరే, గుడ్డ పట్టుకున్న చేయి ఎవరిది? అతనికి చదువొచ్చా? ఆ ఖైదీని ఊహించి కథ రాయండి. ఇప్పుడు జైలు సారంగాపూర్‌కు మారింది. అక్కడి ములాఖత్ వరసలో నిలబడ్డవాళ్లతో మాట్లాడితే ఇలాంటి చేతులు ఇంకా కనిపిస్తాయి.

పరిశోధన పేరుతో సంగారెడ్డి పాత జైల్లో ఒకరోజు ఉండి వస్తామనే పిల్లలున్నారు. 1796 నాటి ఆ జైలును మ్యూజియం చేసి, 2016 నుంచి 500 రూపాయలకు 24 గంటలు ఖైదీలా ఉండనిచ్చారు. అక్కడ మిమ్మల్ని ఎవరూ ఏ వాడ అని అడగరు. డబ్బు దాచుకోండి.

ఊరు వేసే శిక్షను మర్చిపోకండి.

మన ఆర్మూర్, బాల్కొండ దిక్కు ఊళ్లలో గ్రామాభివృద్ధి కమిటీలు కులాలకు జరిమానాలు వేయడం, కిరాణా ఇవ్వొద్దని, ట్రాక్టర్ పంపొద్దని, మాట్లాడొద్దని బహిష్కరించడం మనకు కొత్త కాదు. కేసులూ కొత్త కాదు. కొడుకు జైల్లో ఉంటే, తల్లికి ఊళ్లో ఉప్పు పుట్టని పరిస్థితి ఒకే సీనులో రావచ్చు. మరోపక్క 2019 ఫిబ్రవరిలో పసుపు, ఎర్రజొన్న రైతులు గిట్టుబాటు ధర కోసం ఆర్మూర్‌లో జాతీయ రహదారి మీద బైఠాయించారు, కేసులు పడ్డాయి. ఆ ఏడాది ఎన్నికల్లో 178 మంది రైతులు నిజామాబాద్ లోక్‌సభకు నామినేషన్ వేసి నిలబడ్డారు. ధర అడిగి లోపలికి పోయినవాడికి ఊరు పూలదండతో ఎదురొస్తుంది, అది న్యాయమే. అదే జైలు నుంచి అదే రోజు బయటికొచ్చిన వడ్డెర కూలీ బస్టాండు దాకా ఒంటరిగా నడుస్తాడు. ఇద్దరినీ ఒకే ఫ్రేములో పెట్టండి, ఒక్క డైలాగూ రాయకండి.

ఆఖరుకు గల్ఫ్ జైలు కథ మీరే రాయాలి, వేరేవాళ్లకు చేతకాదు. ఆర్మూర్‌లో గల్ఫ్‌కు ఎవరూ పోని ఇల్లు తక్కువ. ఇక్కడ పెద్ద కులమైనా చిన్న కులమైనా, అక్కడి లాకప్‌లో మనవాడు 'హిందీ'వాడే, అంటే ఇండియావాడే. నేపాలీ, బంగ్లాదేశీ, పాకిస్తానీలతో ఒకే గదిలో ఉంటాడు, వాళ్లలో ఎవడు ముందు మాట కలుపుతాడో వాడే బంధువు. ఊరి కులం కూడా పూర్తిగా పోదు. మనవాళ్లు ఇద్దరు కలిస్తే మళ్లీ ఊరు, వాడ అడుగుతారు. ఇన్ని గుర్తింపులు ఒకే మనిషి మీద పడే కథ ఏ అమెరికా సీరియల్‌లోనూ రాలేదు. మన పక్క సిరిసిల్ల ప్రాంతపు ఐదుగురు 2005లో ఒక నేపాలీ వాచ్‌మన్ హత్య కేసులో దుబాయ్ జైలుకు పోయారు. చనిపోయినవాడి కుటుంబం నేపాల్‌లో ఉంది. అప్పటి సిరిసిల్ల ఎమ్మెల్యే కేటీఆర్ అక్కడిదాకా వెళ్లి, పరిహారం ఇచ్చి, క్షమించినట్టు పత్రం తెచ్చినా తలుపు తెరుచుకోలేదు. 18 ఏళ్లు గడిచాక, 2024లో గానీ ఆ కథ ఇంటి గడప దాకా రాలేదు. చనిపోయినవాడూ కూలికొచ్చిన పేదవాడే. అతని భార్యను తప్పకుండా రాయండి, ఆమెకు మీ ఖైదీ తల్లితో సమానంగా సీన్లు ఇవ్వండి.

ఆ కథలో కోర్టు సీనుకు సబ్‌టైటిల్ వేయకండి. జడ్జి అరబ్బీలో చదువుతాడు, మీ ఖైదీకి ఒక్క ముక్క అర్థం కాదు, చూసేవాడికీ కావద్దు. దుబాసీ వచ్చి, గొంతు సవరించుకుని, "పదేండ్లు అంటున్నడు" అనేదాకా అందరినీ ఆగనివ్వండి.